తూకం, సిరంజి, గ్లాసుడు నీళ్లు: సాంద్రత, పీడనం, స్థితి మార్పులను ఇంట్లోనే కొలవడం ఎలా?

ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం. బడికి వెళ్లిన వాళ్లలో చాలామందికి ఈ రెండూ నోటికి వచ్చు. అదే చేతిలో ఒక చెంచా పెట్టి "దీని సాంద్రత ఎంతో చెప్పండి" అంటే తడబడతారు. సూత్రం చదివారు గానీ, దాన్ని ఒక్క వస్తువు మీదైనా వాడి చూసే అవకాశం రాలేదు. ఒక్కసారి మీ చేత్తో కొలిచారంటే ఈ విషయం ఇక మరిచిపోరు. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ చేసి చూడాల్సినవే.

ముందు కొన్ని సామాన్లు దగ్గర పెట్టుకోండి. గ్రాముల్లో చూపించే డిజిటల్ తూకం (5 కిలోల వరకు తూచేదైతే మంచిది), పారదర్శకమైన గ్లాసు, దారం, సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి, మూత ఉన్న ప్లాస్టిక్ బాటిల్, గళ్ల కాగితం, నోట్‌బుక్. థర్మామీటర్ ఉంటే సరే, లేకపోయినా చాలావరకు పని జరుగుతుంది. జ్వరం చూసే థర్మామీటర్‌ని మాత్రం వేడినీళ్లలో పెట్టకండి, పాడైపోతుంది.

ముందు చెంచాతో

సాంద్రత కొలవడంలో బరువు చూడటం తేలిక. ఘనపరిమాణం దగ్గరే చిక్కంతా. కొలజాడీలో నీళ్లు పోసి, వస్తువు వేసి, నీటిమట్టం ఎంత పెరిగిందో చూడమని పుస్తకాలు చెబుతాయి. చిన్న వస్తువు వేస్తే మట్టం వెంట్రుకవాసి పెరుగుతుంది, గీతల మధ్య ఎక్కడుందో కంటికి ఆనదు. నా దృష్టిలో ఇంతకంటే చాలా మంచి పద్ధతి ఒకటుంది. ఘనపరిమాణాన్ని కూడా తూకంతోనే కొలవడం.

ఇలా చేయండి. పొడి స్టీలు చెంచాను తూచి బరువు రాసుకోండి. తర్వాత గ్లాసులో ముప్పావు వంతు నీళ్లు పోసి తూకం మీద పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చేయండి. చెంచాకి దారం కట్టి, దారాన్ని చేత్తో పట్టుకుని, చెంచా పూర్తిగా మునిగేలా నీళ్లలోకి దించండి. గ్లాసు అడుగుకి గానీ గోడలకి గానీ అది తగలకూడదు. ఇప్పుడు తూకం మీద ఒక అంకె కనిపిస్తుంది. అది ఎన్ని గ్రాములైతే, చెంచా ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు.

చెంచా బరువును మీ చెయ్యి మోస్తున్నప్పుడు తూకం ఎందుకు కదిలింది? నీళ్లలో మునిగిన వస్తువును నీరు పైకి నెడుతుంది. అలా నెట్టే బలం, ఆ వస్తువు పక్కకు తోసేసిన నీటి బరువుకి సమానం. ఆర్కిమెడీస్ ఈ సంగతి క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలోనే చెప్పాడు. నీరు చెంచాను పైకి నెడితే, చెంచా అంతే బలంతో నీటిని కిందికి నొక్కుతుంది. తూకం పట్టుకున్నది ఆ నొక్కుడినే. ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము తూగుతుంది కాబట్టి గ్రాములే ఘన సెంటీమీటర్లు అయిపోయాయి. చెంచా అడుగుకి తగిలిందంటే దాని సొంత బరువు కూడా కలిసిపోయి లెక్క తప్పుతుంది.

ఉదాహరణకి చెంచా 47 గ్రాములు ఉండి, నీళ్లలో దించినప్పుడు తూకం 6 గ్రాములు చూపించిందనుకోండి. 47 ÷ 6 = 7.8. కానీ ఇక్కడ తొందరపడకండి. మీ తూకం ఒక గ్రాము తేడాలనే చూపిస్తుంది. కాబట్టి అసలు విలువ 5.5కీ 6.5కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అంటే సాంద్రత 7.2 నుంచి 8.5 వరకు ఏదైనా కావచ్చు. అలాంటి ఆరు చెంచాలను కలిపి కట్టి మళ్లీ చేయండి. 282 గ్రాముల బరువుకి 36 గ్రాముల పెరుగుదల వచ్చిందంటే జవాబు 7.73కీ 7.94కీ మధ్య ఉన్నట్టు. కొత్త పరికరం ఏదీ కొనకుండానే కొలత ఎంతో మెరుగైంది. ఎంత పెద్ద వస్తువు తీసుకుంటే అంత మంచి జవాబు వస్తుందన్న సంగతి సాంద్రత సూత్రం కంటే తక్కువ విలువైనదేమీ కాదు.

మీకు వచ్చిన అంకెల్ని వీటితో పోల్చుకోండి. ఘన సెంటీమీటరుకి గ్రాముల్లో అల్యూమినియం 2.7, ఇనుము 7.87, రాగి 8.96, సీసం 11.3, బంగారం 19.3. ఒక గ్రానైట్ రాయిని కొలిస్తే సుమారు 2.7 వస్తుంది, అంటే దాదాపు అల్యూమినియం అంత. చూడటానికి ఆ రెండింటికీ ఏ పోలికా ఉండదు. అలాగే టంగ్‌స్టన్ సాంద్రత బంగారానికి ఇంచుమించు సమానం. అందుకే రాగి, సీసం కలిపిన బంగారాన్ని సాంద్రత పరీక్ష పట్టిస్తుంది, లోపల టంగ్‌స్టన్ పెట్టిన దాన్ని పట్టించలేదు. సాంద్రత ఒక ఆధారం మాత్రమే.

ఘన మీటరుకి కిలోగ్రాముల్లో కావాలంటే ఈ అంకెల్ని 1000తో గుణించండి. నీరు 1000, ఇనుము 7870.

తేలేవి, ద్రవాలు, గాలి

కొవ్వొత్తి ముక్క మునగదు కదా, దాన్నెలా కొలవాలి? అదే గ్లాసు, అదే తూకం. సున్నా చేశాక కొవ్వొత్తిని నీళ్ల మీద వదిలేయండి. తూకం చూపించేది దాని బరువు. ఇప్పుడు ఒక సన్నని సూదితో గుచ్చి, అది పూర్తిగా మునిగే వరకే కిందికి నొక్కి పట్టండి. తూకం ఇంకాస్త పెరుగుతుంది. ఆ రెండో అంకె ఘనపరిమాణం. వదిలేసినప్పుడు 45, ముంచినప్పుడు 50 వస్తే సాంద్రత 0.9. రెండు కొలతలూ ఒకే గ్లాసులో వచ్చేశాయి. చెక్కముక్కతో కూడా ఇలాగే చేయవచ్చు గానీ చెక్క నీటిని పీల్చుకుంటుంది కాబట్టి గబగబా ముగించండి.

ద్రవానికైతే బాటిల్ చాలు. ఖాళీ బాటిల్‌ని తూచండి. అంచు వరకు నీళ్లు నింపి తూచండి. ఆ నీళ్లు పారబోసి, బాగా ఆరబెట్టి, నూనెతోనో ఉప్పునీటితోనో అంతే నింపి మళ్లీ తూచండి. ఖాళీ బాటిల్ బరువు తీసేసి, ద్రవం బరువును నీటి బరువుతో భాగిస్తే సరిపోతుంది. మొక్కల నుంచి తీసే నూనెలు చాలావరకు 0.92 దగ్గర ఉంటాయి. సముద్రపు నీరు 1.025. ఇక కరగలేనంత ఉప్పు కలిపిన నీరు 1.2 దాకా వెళుతుంది.

గాలిని తూచడం దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. ఖాళీ బెలూన్‌ని, ఊదిన బెలూన్‌ని తూచి తేడా చూడమంటారు. ఆ తేడా దాదాపు సున్నా. ఎందుకంటే ఊదిన బెలూన్ తన చుట్టూ ఉన్న గాలిని పక్కకు తోస్తుంది, ఆ గాలి దాన్ని పైకి నెడుతుంది. లోపలి గాలి బరువంతా అక్కడే చెల్లిపోతుంది. దీనికి ఫుట్‌బాల్ తీసుకోండి. గుండ్రంగా ఉండి, నొక్కితే మెత్తగా అనిపించేటంత గాలి ఉన్నప్పుడు ఒకసారి తూచండి. తర్వాత పంపుతో గట్టిగా కొట్టి మళ్లీ తూచండి. బంతి సైజు పెద్దగా మారదు, లోపలికి అదనపు గాలి చేరుతుంది. పెద్దల ఆటలో వాడే బంతిలో సుమారు ఐదున్నర లీటర్ల చోటు ఉంటుంది కాబట్టి ఎంత గట్టిగా కొట్టారన్నదాన్ని బట్టి 4 నుంచి 7 గ్రాములు పెరుగుతుంది. సముద్రమట్టం దగ్గర, 20 డిగ్రీల వద్ద ఘన మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 43 కిలోల గాలి ఉందన్నమాట.

పీడనానికి మీ పాదాలతో మొదలుపెట్టండి

గళ్ల కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకోండి. సెంటీమీటరు గళ్లు లెక్కపెట్టండి, సగానికి పైగా లోపల ఉన్న గడిని ఒకటిగా తీసుకోండి. ఒక్కో పాదం 150 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. మనిషి 60 కిలోలుంటే బలం 60 × 9.8 = 588 న్యూటన్లు (9.8 అనేది గురుత్వ త్వరణం). రెండు పాదాల వైశాల్యం 0.03 చదరపు మీటర్లు. 588ని 0.03తో భాగిస్తే పీడనం 19,600 పాస్కల్‌లు (పాస్కల్ అంటే చదరపు మీటరుకి ఒక న్యూటన్). ఒంటికాలి మీద నిలబడితే రెట్టింపు. అదే మనిషి తన బరువులో సగం, ఒక చదరపు సెంటీమీటరే ఉన్న సన్నని హై హీల్ మడమ మీద మోపితే దాదాపు 29 లక్షల పాస్కల్‌లు. బలం పెరగలేదు, వైశాల్యం తగ్గింది, అంతే.

పక్కన ఒక అంకె రాసి పెట్టుకోండి. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్‌లు, అంటే మీ పాదాల కింద ఉన్నదానికి ఐదు రెట్లు. చదరపు సెంటీమీటరుకి సుమారు 10 న్యూటన్లు. అంటే గోరంత చోటు మీద దాదాపు కిలో బరువు. లోపలి నుంచీ బయటి నుంచీ సమానంగా నొక్కుతోంది కాబట్టి మనకి తెలియదు.

దీన్ని నమ్మమని చెప్పడం నాకిష్టం లేదు. మీరే కొలవండి. సిరంజి పిస్టన్‌ని 20 గీత దాకా లాగండి. సున్నా నుంచి 20 గీత వరకు పొడవెంతో స్కేలుతో చూడండి. అది 6.5 సెంటీమీటర్లయితే, 20 ÷ 6.5 అంటే పిస్టన్ వైశాల్యం సుమారు 3.1 చదరపు సెంటీమీటర్లు. వ్యాసం కొలిచే బాధ తప్పింది. ఇప్పుడు సిరంజి మూతిని బిగుతైన క్యాప్‌తో గానీ, గట్టిగా వేలితో గానీ మూసేయండి. సిరంజిని తలకిందులుగా తిప్పి, పిస్టన్ చివరి బిళ్లను తూకం మీద నిలబెట్టి, గొట్టాన్ని నిటారుగా పట్టుకుని నెమ్మదిగా కిందికి నొక్కండి. ఎన్ని గ్రాములకి గాలి ఎంతకి కుదించుకుందో రాసుకోండి.

20 నుంచి 15కి రావడానికి కిలో దాటి కొంచెం, 12కి రావడానికి సుమారు 2 కిలోలు, సగానికి, అంటే 10కి రావడానికి దాదాపు 3.1 కిలోలు కావాలి. సగం చేయడానికి బయటి గాలి ఎంత నొక్కుతోందో అంత అదనంగా మీరు నొక్కాలి. కాబట్టి ఆ 3.1 కిలోల్ని 3.1 చదరపు సెంటీమీటర్లతో భాగిస్తే వచ్చేది మీ గదిలోని వాతావరణ పీడనం. రబ్బరు ఒరిపిడి వల్ల అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. నొక్కుతూ వెళ్లేటప్పుడు ఒకసారి, వదులుతూ వచ్చేటప్పుడు ఒకసారి చూసి సగటు తీయండి. పీడనం, ఘనపరిమాణం రెండింటినీ గుణిస్తే ప్రతి వరసలోనూ ఇంచుమించు ఒకే అంకె రావాలి. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రచురించిన నియమం ఇదే. అయితే అందులో పెట్టాల్సింది మొత్తం పీడనం. మీరు నొక్కినదానికి వాతావరణ పీడనం కలపడం మరిచిపోతే లెక్క కుదరదు.

టైర్ల దగ్గరా ఇదే గుర్తుంచుకోవాలి. గేజ్ చూపించేది వాతావరణం కంటే ఎంత ఎక్కువో మాత్రమే. 32 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తే లోపల మొత్తం సుమారు 46.7 పీఎస్‌ఐ ఉంది. గేజ్ సున్నా చూపించే టైరులో శూన్యం ఉండదు, మామూలు గాలే ఉంటుంది. రక్తపోటు అంకెలు కూడా ఇలా వాతావరణ పీడనానికి పైన లెక్కించినవే.

నీటి లోతు

ప్లాస్టిక్ బాటిల్‌కి మూడు రంధ్రాలు, కింద, మధ్య, పైన పెట్టి నీళ్లు నింపితే అడుగు రంధ్రం నుంచి నీరు అన్నిటికంటే దూరం పడుతుందని చాలా బొమ్మల్లో గీస్తారు. బాటిల్‌ని చదునైన ట్రేలో పెట్టి చేసి చూడండి. మధ్య రంధ్రం ధారే ఎక్కువ దూరం వెళుతుంది! అడుగు రంధ్రం దగ్గర పీడనం ఎక్కువే, నీరు అక్కడ వేగంగానే బయటికొస్తుంది. కానీ నేల దగ్గరే ఉండటంతో దూరం వెళ్లేలోపే కింద పడిపోతుంది. బాటిల్‌ని ఎత్తైన స్టూలు అంచున పెట్టి, ధారలన్నీ నేల మీద పడేలా చేస్తే అప్పుడు అడుగు రంధ్రం గెలుస్తుంది. పీడనాన్ని చూడాలంటే ధార ఎంత దూరం పడిందో కాకుండా రంధ్రం దగ్గర ఎంత వేగంగా దూసుకొస్తోందో చూడాలి.

లోతు వల్ల వచ్చే పీడనానికి లెక్క చిన్నదే: సాంద్రత × 9.8 × లోతు. పది మీటర్ల నీటికి 1000 × 9.8 × 10 = 98,000 పాస్కల్‌లు, అంటే దాదాపు ఒక వాతావరణం (వాతావరణ పీడనం అంత). పాత్ర వెడల్పుతో సంబంధం లేదు. 1643లో ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి ఈ లెక్కనే తిరగేసి వాడాడు. గాలి పీడనం 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టగలదని తేలింది. పాదరసం నీటికంటే 13.6 రెట్లు సాంద్రమైనది కాబట్టి నీళ్లయితే 76 × 13.6, అంటే సుమారు 10.3 మీటర్లు నిలబడతాయి. బావి పైన పెట్టి నీటిని పీల్చే పంపు అంతకంటే లోతు నుంచి నీళ్లు తేలేకపోవడానికి కారణం ఇదే. 1648లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ (పీడనం యూనిట్‌కి ఈయన పేరే పెట్టారు) కోరిక మీద ఆయన బావ పెరియే, ఫ్రాన్సులోని పుయ్ ద డోమ్ కొండ మీదికి పాదరసపు గొట్టాన్ని మోసుకెళ్లాడు. పైన పాదరసం మట్టం కిందకంటే సుమారు 8 సెంటీమీటర్లు తక్కువగా ఉంది. పైకి వెళ్లే కొద్దీ మన మీద ఉండే గాలి తగ్గుతుందని అలా రుజువైంది.

స్థితి మార్పులకి మళ్లీ సిరంజి

ఈసారి సిరంజి నిండా నీళ్లు తీసుకుని, గాలిబుడగలు పోగొట్టి, మూతి మూసి నొక్కండి. ఎంత నొక్కినా పిస్టన్ కదలదు. ఒక వాతావరణం అదనంగా పెంచినా నీరు ఇరవై వేలలో ఒక వంతు మాత్రమే కుదించుకుంటుంది. గాలిలో అణువుల మధ్య చోటు ఉంది, నీటిలో దాదాపు లేదు. సాంద్రత, పీడనం, స్థితి అని విడివిడిగా చదివే మూడు పాఠాల్నీ కలిపేది ఈ చోటే.

తర్వాతది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. 50, 60 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు, అంటే వేలు పెట్టి ఉంచలేనంత వేడివి, సిరంజిలోకి 4 మిల్లీలీటర్లు తీసుకోండి. చెయ్యి కాలకుండా గుడ్డ చుట్టండి. పైనున్న గాలిని బయటికి నెట్టేసి, మూతిని క్యాప్‌తో మూసి, పిస్టన్‌ని గట్టిగా వెనక్కి లాగండి. నీళ్లు మరుగుతాయి! పొయ్యి లేదు, వంద డిగ్రీలు లేవు. లోపల పీడనం పడిపోవడంతో ఆ వేడికే నీరు ఆవిరిగా మారింది.

అవి నీటిలో కరిగి ఉన్న గాలి బుడగలేమో అన్న అనుమానం రావాలి, వస్తే మంచిది. తేల్చుకోవడం సులువు. పిస్టన్‌ని నెమ్మదిగా వదలండి. ఆవిరి బుడగలైతే వెంటనే మాయమైపోతాయి. గాలివైతే చిన్నవై అలాగే ఉండిపోతాయి. మీకు రెండు రకాలూ కనిపిస్తాయి. ఎత్తైన కొండల మీద నీరు తక్కువ వేడికే మరగడానికీ, ప్రెషర్ కుక్కర్‌లో 120 డిగ్రీల దాకా వెళ్లడానికీ కారణం మీ చేతిలోనే కనబడుతోంది.

మంచు సంగతి త్వరగా చెప్పేస్తాను. బాటిల్‌లో సగం నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత పెట్టి, తూచి, ఫ్రీజర్‌లో నిలబెట్టండి. గడ్డకట్టాక బరువు మారదు, మట్టం గీత దాటుతుంది. ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరగడంతో సాంద్రత 0.917కి దిగుతుంది. అందుకే మంచు తేలుతుంది. గాజు సీసాతో ఇది చేయకండి, పగులుతుంది. మంచుముక్క తేలుతున్న గ్లాసును అంచు దాకా నింపి వదిలేయండి, మంచు కరిగినా నీరు పొర్లదు.

మరగడానికి ఎంత వేడి కావాలో తూకంతోనే కొలవచ్చు. అర కిలో నీటిని ఒకే మంట మీద పెట్టి, మరుగు మొదలయ్యే వరకు పట్టిన సమయం చూడండి. అప్పటినుంచి మంట మార్చకుండా మళ్లీ అంతే సమయం మరిగించి, ఆపి, చల్లారాక తూచండి. 20 డిగ్రీల నుంచి మొదలుపెడితే లెక్క ప్రకారం సుమారు 75 గ్రాములు ఆవిరవ్వాలి. పాత్ర నుంచి వేడి గాలిలోకి పోతుంది కాబట్టి అంతకంటే కొంత తక్కువే వస్తుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 జౌల్‌ల శక్తి చాలు, అదే గ్రామును ఆవిరి చేయడానికి 2260 జౌల్‌లు కావాలి. ఆ శక్తంతా అణువుల్ని విడదీయడానికే ఖర్చవుతుంది. అందుకే మరుగుతున్నంతసేపూ థర్మామీటర్ కదలదు.

చివరిగా అల్యూమినియం డబ్బా. పిల్లలైతే పెద్దవాళ్లు పక్కనుండగానే చేయాలి. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలో రెండు చెంచాల నీళ్లు పోసి వేడి చేయండి. నోటి నుంచి అర నిమిషం పాటు దట్టంగా ఆవిరి వచ్చాక పట్టకారుతో పట్టుకుని, చల్లని నీళ్లున్న వెడల్పాటి గిన్నెలోకి బోర్లించండి. డబ్బా పెద్ద చప్పుడుతో నలిగిపోతుంది. వంద డిగ్రీల ఆవిరి నీరుగా మారితే దానికి పట్టే చోటు సుమారు 1600వ వంతుకి తగ్గుతుంది. లోపల పీడనం పడిపోతుంది. బయటి గాలి చదరపు సెంటీమీటరుకి 10 న్యూటన్ల చొప్పున నొక్కుతూనే ఉంటుంది. డబ్బా పక్కల వైశాల్యం 240 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, అన్ని వైపుల నుంచీ కలిపి దాదాపు 2400 న్యూటన్లు.

మూత బిగించిన పాత్రను ఎప్పుడూ వేడి చేయకండి. డబ్బాలో నీళ్లు పూర్తిగా ఇగిరిపోయే దాకా పొయ్యి మీద ఉంచకండి. తర్వాత ఇంకో డబ్బా తీసుకుని, ఈసారి గిన్నెలో చల్లని నీళ్లకి బదులు బాగా వేడినీళ్లు పెట్టి చేయండి. డబ్బా అంతగా నలగదు, కొన్నిసార్లు అసలే నలగదు. వేడినీళ్ల దగ్గర ఆవిరి పూర్తిగా నీరుగా మారదు, లోపల పీడనం కొంత మిగిలే ఉంటుంది. రెండు గిన్నెల్లోనూ నీటి వేడి ఎంతుందో, డబ్బా ఎంత నలిగిందో పక్కపక్కనే రాసుకోండి.